గూఢచారికి పండగ సెలవు లేదు

సినిమా పిచ్చి ఉన్న హాస్టల్ గదుల్లో డిసెంబరు రాగానే ఒక వాదన మొదలవుతుంది: 'డై హార్డ్' క్రిస్మస్ సినిమానా, కాదా? రెండు వైపులా గొంతు చించుకునేవాళ్ళు ఉంటారు గానీ, అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ సినిమా అమెరికాలో విడుదలైంది 1988 జూలైలో. అక్కడ నడి వేసవి. మరి వేసవిలో వచ్చే యాక్షన్ సినిమాకి క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఎందుకు కావాల్సి వచ్చింది?

అందులో హీరో గూఢచారి కాదు, పోలీసు. కానీ గూఢచారుల కథల్లోనూ ఇదే అలవాటు కనిపిస్తుంది. జేమ్స్ బాండ్ సినిమా 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్' (1969), 'త్రీ డేస్ ఆఫ్ ద కాండోర్' (1975), 'ద లాంగ్ కిస్ గుడ్‌నైట్' (1996), అన్నీ క్రిస్మస్ రోజుల్లో నడిచే కథలే. మన దేశంలో 'కహానీ' (2012) దుర్గాపూజ రోజుల్లో నడుస్తుంది. షార్ట్ ఫిల్మ్‌కి కథ రాద్దామని కూర్చునే మన క్లబ్ మిత్రుల కోసం ఈ పాఠం. ఇందులో పరీక్ష ఒక్కటే: కథలోంచి పండగ తీసేసి చూడండి. కథ అలాగే నిలబడితే ఆ పండగ వట్టి సీరియల్ బల్బుల తోరణం. కూలిపోతే అది కథకి దూలం.

పండగ చేసే నాలుగు పనులు

ఒకటి, గడువు పెడుతుంది. 'కహానీ'లో కథ ఎప్పటికి ముగియాలో ఎవరూ చెప్పక్కర్లేదు. విజయదశమి వస్తోందని ప్రేక్షకుడికి తెలుసు. విగ్రహాలు తయారవుతున్న కొద్దీ, పందిళ్ళు లేస్తున్న కొద్దీ గుండె వేగం పెరుగుతుంది. బాంబు మీద ఎర్ర అంకెలు తిరగాల్సిన పని లేదు.

రెండు, చోటు ఖాళీ చేస్తుంది. 'డై హార్డ్'లో అంత పెద్ద భవనంలో ఆ రాత్రి ఉన్నది ఒక్క అంతస్తులో పార్టీ చేసుకుంటున్న ఆఫీసు వాళ్ళు, కింద కాపలావాళ్ళు. మామూలు రోజైతే దొంగలకి ఆ వీలు చిక్కేది కాదు. నిజ జీవితంలోనూ ఇంతే. 1973 అక్టోబర్ 6న ఈజిప్టు, సిరియా సైన్యాలు ఇజ్రాయెల్ మీద విరుచుకుపడింది యూదులకి అన్నిటికన్నా పవిత్రమైన యోమ్ కిప్పూర్ రోజున. మన ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేసింది 1999 డిసెంబర్ 24న. ఆ వ్యవహారం కాందహార్‌లో తేలేసరికి డిసెంబర్ 31 అయింది. లోకం కొత్త సహస్రాబ్దికి స్వాగతం చెప్పే హడావుడిలో ఉన్న వారమంతా ఆ ప్రయాణికులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గడిపారు.

మూడు, గుంపునీ చప్పుడునీ ఇస్తుంది. ('కహానీ' చూడనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి.) చివర్లో విద్య పని ముగించుకుని వెళ్ళిపోయేటప్పుడు ఆమె ఒంటి మీద ఎర్రంచు తెల్లచీర ఉంటుంది. ఆ రాత్రి కలకత్తా వీధుల్లో ఆడవాళ్ళలో ఎందరో అదే చీరలో ఉంటారు. అంతకంటే మంచి మారువేషం ఏ మేకప్ మనిషీ వెయ్యలేడు. పైగా రాక్షసుణ్ణి చంపి అమ్మవారు వెళ్ళిపోయే రోజు అది. అంటే ఇక్కడ పండగ దాక్కోడానికి చోటే కాదు, కథకి అర్థం కూడా.

నాలుగు, ఇంటిని గుర్తుచేస్తుంది. మిగతా మూడూ తెలివికి సంబంధించినవి, ఇది మనసుకి సంబంధించింది. 'కాండోర్'లో హీరో ఉద్యోగం పుస్తకాలు చదవడం. వాటిల్లో రహస్య సంకేతాలేమైనా ఉన్నాయేమో వెతకడం. (మన క్లబ్ వాళ్ళకి సరిపోయే ఉద్యోగం!) మధ్యాహ్నం భోజనాలు తేవడానికి బయటికెళ్ళి వచ్చేలోపు ఆఫీసులో అందర్నీ చంపేస్తారు. అందరూ ఇళ్ళకి చేరే రోజుల్లో అతనికి వెళ్ళడానికి ఇల్లే లేకుండా పోతుంది. చివరి దృశ్యంలో న్యూయార్క్ వీధిలో క్రిస్మస్ పాటలు వినిపిస్తుంటే ఆ ఒంటరితనం ఇంకా ముదురుతుంది. బాండ్ సినిమాలో విలన్ బ్లోఫెల్డ్ ఈ ఇంటి దారినే ఆయుధం చేసుకుంటాడు. ఆల్ప్స్ కొండ మీది తన క్లినిక్‌లో ఉన్న అమ్మాయిలకి క్రిస్మస్ కానుకలిచ్చి ఇళ్ళకి పంపిస్తాడు. ఆ కానుకల్లోనే వైరస్ ఉంటుంది. పండగపూట కానుక పట్టుకుని ఇంటికెళ్ళే అమ్మాయిని ఏ దేశంలో ఎవరు అనుమానిస్తారు?

ఇది మనకి కొత్తా?

కానే కాదు. విశాఖదత్తుడి సంస్కృత నాటకం 'ముద్రారాక్షసం' తెరిచి చూడండి. ప్రేమకథ లేదు, యుద్ధం దాదాపు లేదు, ఉన్నదంతా గూఢచర్యమే. చాణక్యుడి వేగులవాడు యమపటం పట్టుకుని పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతాడు. అటువైపు రాక్షసమంత్రి మనిషి పాములవాడి వేషంలో వస్తాడు. ఇద్దరూ జనం మధ్య తిరిగే ఆటపాటల వాళ్ళలా కనిపిస్తారు. మూడో అంకంలో అసలు పండగ వస్తుంది. పాటలీపుత్రంలో కౌముదీ మహోత్సవం జరపమని చంద్రగుప్తుడు ఆజ్ఞ ఇస్తే, చాణక్యుడు దాన్ని ఆపించేస్తాడు. శత్రువు దండెత్తే వేళ కోట సంగతి చూసుకోవాలి గానీ ఉత్సవాలేమిటంటాడు. గురుశిష్యులు మాటా మాటా అనుకుంటారు. రాజు ఇకమీద రాజ్యం తానే చూసుకుంటానంటాడు. ఆ వార్త రాక్షసుడి దాకా చేరుతుంది, అతను నమ్ముతాడు. కానీ ఆ పోట్లాట మొత్తం ముందే అనుకుని ఆడిన నాటకం!

పండగ జరపడమే కాదు, జరగకపోవడం కూడా ఎత్తుగడే అవుతుందని అంత పాతకాలంలోనే ఒక రచయిత పట్టుకున్నాడు. ఇక అర్థశాస్త్రం పన్నెండో అధికరణం సూటిగానే చెబుతుంది: శత్రురాజు భక్తితో పూజలకీ యాత్రలకీ వెళ్ళే చోట్లే అతనికి ఉచ్చు పన్నమని.

తోరణంగా వాడితే ఏమవుతుంది

'మిషన్ ఇంపాజిబుల్ 2' (2000)లో స్పెయిన్‌లోని సెవిల్ పట్నంలో ఒక పండగ చూపిస్తారు. సెవిల్‌లో ఈస్టర్ ముందు వారం పవిత్ర ప్రతిమల్ని ఊరేగిస్తారు. వాలెన్సియా అనే వేరే ఊళ్ళో, వేరే పండక్కి, పెద్ద పెద్ద బొమ్మల్ని కాలుస్తారు. సినిమావాళ్ళు రెండూ కలిపేశారు. తెర మీద సాధువుల ప్రతిమలు తగలబడ్డాయి! మన ప్రభని తీసుకెళ్ళి ఎవరైనా భోగిమంటలో వేసినట్టు చూపిస్తే మనకెలా ఉంటుందో ఊహించుకోండి.

దీనికి తిరగేసిన ఉదాహరణ 'స్పెక్టర్' (2015). బాండ్ కోసం మెక్సికో నగరంలో మృతుల దినోత్సవానికి ఓ భారీ ఊరేగింపు కల్పించి తీశారు. అక్కడ అలాంటి ఊరేగింపు అప్పటిదాకా లేదు. మరుసటి ఏడాది, 2016లో, ఆ నగరం నిజంగానే ఊరేగింపు మొదలుపెట్టింది. సినిమా ఊరి పండగనే మార్చేసింది. అందుకే పండగ మీద కలం పెట్టేవాడికి కాస్త బాధ్యత ఉండాలి.

మన గూఢచారి ఊరికి రాడేం?

తెలుగులో గూఢచారి సినిమాకి కొదవ లేదు. 'గూఢచారి 116' (1966) కృష్ణగారిని ఆంధ్రా జేమ్స్ బాండ్ చేసింది. 2018లో అడివి శేష్ 'గూఢచారి' ఆ దారిని కొత్తగా తెరిచింది. పండగలకీ మన సినిమాకీ ఉన్న బంధం సంగతి చెప్పేదేముంది, సంక్రాంతి అంటేనే రిలీజులు. జాతరలో పాట, జాతరలో ఫైటు లెక్కలేనన్ని చూశాం. కానీ గూఢచారినీ పండగనీ ఒకే కథలో ముడిపెట్టడం మాత్రం మన దగ్గర చాలా తక్కువ. 'కహానీ' ఆధారంగా శేఖర్ కమ్ముల 2014లో 'అనామిక' తీశారు. ఆ తోవలో ఇంకా ఎంతో దూరం పోవచ్చు.

ఎందుకు తక్కువ? నాకు తోచిన కారణం ఇది. పెద్ద నగరంలో పండగ మనిషిని దాచిపెడుతుంది. మన ఊళ్ళో పండగ మనిషిని బయటపెడుతుంది. కొత్త ముఖం కనిపిస్తే చాలు, అరుగు మీద కూర్చున్న పెద్దాయన అడిగే మొదటి మాట: "ఎవరబ్బాయివయ్యా?" ఏ విలనూ అడగలేనంత ప్రమాదకరమైన ప్రశ్న అది. తప్పుడు పేరు చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతాడు, ఎందుకంటే ఆ పేరుగల వాళ్ళ నాలుగు తరాలూ ఆయనకి తెలుసు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. 'లాంగ్ కిస్ గుడ్‌నైట్'లో జరిగేది సరిగ్గా ఇదే. గతం మర్చిపోయిన మాజీ గూఢచారిణి చిన్న ఊళ్ళో టీచరుగా బతుకుతూ, క్రిస్మస్ ఊరేగింపులో వేషం కట్టి టీవీలో కనిపిస్తుంది. జైల్లో ఉన్న పాత శత్రువు ఆ ముఖం గుర్తుపడతాడు. కథంతా అక్కణ్ణుంచే.

మన గూఢచారుల్ని విమానం ఎక్కించి పంపేస్తున్నాం, ఆ అరుగు ముందు నుంచి నడిపించడం కష్టం కాబట్టి. కష్టం ఉన్నచోటే కదా కథ ఉండేది!

అభ్యాసం: రొంపిచెర్ల నుంచి కోటప్పకొండకి

ఇప్పుడు మీ వంతు. హీరోది రొంపిచెర్ల. ఢిల్లీలో ఏదో ఆఫీసులో గుమాస్తా అని ఇంట్లో అనుకుంటారు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ఒక మనిషిని పట్టుకోవాలి. కొండ మీద కాకి వాలదని మనవాళ్ళ నమ్మకం కదా, ఆ మనిషి మారుపేరు 'కాకి' అనుకుందాం. నాలుగు పనులూ ఎలా కుదురుతాయో చూడండి.

గడువు: లింగోద్భవ కాలం, అర్ధరాత్రి. గుంపు: కొండ కింద లక్షల జనం, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన విద్యుత్ ప్రభలు, వాటి జనరేటర్ల హోరు. ఖాళీ: అందరూ తిరునాళ్ళకి వెళ్ళాక తాళాలు పడిన ఊళ్ళు. ఇల్లు: రాత్రంతా జాగారం చేస్తున్న అమ్మ, అదే జనంలో.

ఈసీఈ వాళ్ళకి ఒక చిక్కు. అంత జనంలో సెల్ టవర్ల మీద భారం పెరిగి ఫోన్లు కలవవు. మరి సందేశం ఎలా పంపాలి? తప్పిపోయినవాళ్ళ కోసం మైకులో ప్రకటనలు చేస్తూనే ఉంటారు కదా. "రొంపిచెర్ల నుంచి వచ్చిన ఫలానా వారు ఎక్కడున్నా మైకు దగ్గరికి రావలెను." ఊరంతా వినే రహస్యం! ఆ పేరు విని అమ్మ కూడా మైకు దగ్గరికి బయల్దేరితే?

కొండ వద్దనుకుంటే క్రిస్మస్ రాయండి. పల్నాడుకి అదేం పరాయి పండగ కాదు. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చింది 1842లో, తర్వాత గురజాల వైపూ పనిచేశారు. ఇంటి మీద కాగితపు నక్షత్రం, సెమీ క్రిస్మస్ సందడి, అర్ధరాత్రి ఇంటింటికీ పాటలు పాడుతూ వచ్చే బృందం. ఆ బృందంలో ఒక గొంతు కొత్తది. అక్కడ మొదలుపెట్టండి.

షరతులు మూడే. పండగ తీసేస్తే కథ కూలిపోవాలి. పండగలో ఏది ఎప్పుడు జరుగుతుందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయాలి, సెవిల్‌లో జరిగినట్టు జరగకూడదు. మూడోది ముఖ్యమైనది: తిరునాళ్ళలో జనం గుళ్ళకి అడ్డంపడే బొమ్మలు కారు. ఆ గుంపులో మన నాన్నమ్మ ఉంటుంది, మనం భుజం మీద ఎక్కించుకున్న చెల్లెలు ఉంటుంది. 'కాకి'ని పట్టుకోడానికి హీరో ఆ గుంపులోకి తుపాకీ పేలిస్తే అతను గెలిచినట్టు కాదు. పేల్చకుండా ఎలా పట్టుకున్నాడో రాయగలిగితే మీకు కథ దొరికినట్టే.

ఆరు పేజీలు దాటొద్దు. అరుగు మీది పెద్దాయన మాత్రం తప్పనిసరిగా ఉండాలి. ఆయన అడిగినదానికి మీ హీరో ఏం జవాబు చెప్పాడో చదవాలని ఎదురుచూస్తుంటాం.