ఆధారం చేతికివ్వండి, ఆలోచన అదే మొదలవుతుంది

చార్టు మీద బొమ్మలు అంటించి, గైడులోని నాలుగు వాక్యాలు ఎత్తి రాస్తే ప్రాజెక్టు పని అయిపోతోందా? అందులో పిల్లల చేతిరాత తప్ప ఆలోచన కనిపించదు. ఈ తీరు మారాలంటే శాసనం, ఉత్తరం, పాత పత్రిక, రిజిస్టరు, ఫొటో, పెద్దల నోటి మాట లాంటి ప్రాథమిక ఆధారాలు తరగతిలోకి రావాలి. పిల్లలకు ఇచ్చేముందు వాటితో ఉపాధ్యాయులే కుస్తీ పట్టాలి. అసలైన శిక్షణ అదే.

ముందు మీరే విద్యార్థి కండి

వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఉపన్యాసం మానేసి, మోటుపల్లి రేవులోని అభయ శాసనం అర్థాన్ని తేలిక తెలుగులో రాసి బల్ల మీద పెట్టండి. తుపానుకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు సరుకంతా లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకమే తీసుకుంటానని కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అందులో హామీ ఇచ్చాడు. 'ఎంత దయగల రాజు!' అని వెంటనే తేల్చేయకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట ఎవరిది? ఎవరి కోసం? ఇందులో వినిపించని గొంతు ఎవరిది? రాజు తన మంచితనం తానే చెప్పుకుంటున్నాడు. వర్తకులు రేవుకు రావడం అతనికి అవసరం. మరి ఆ సరుకు మోసిన కూలీల మాటేమిటి?

రెండో ఆధారం పక్కన పెట్టండి

ఇప్పుడు మార్కోపోలో యాత్రా కథనం తీయండి. కాకతీయ రాజ్యాన్ని ఏలిన రాణిని ఎంతో మెచ్చుకున్నాడు. కానీ ఆమెను చనిపోయిన రాజుకు భార్య అన్నాడు. ఆ రాణి రుద్రమదేవి, గణపతిదేవుడి కూతురు కదా! ఆ కాలపు మనిషి చెప్పినా తప్పు దొర్లుతుందని తెలియడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. పొరపడ్డాడా, ఎవరో చెప్పిందే తానూ చెప్పాడా? వాదన జరగనివ్వండి. జవాబు చెప్పేయాలనే తొందరను ఆపుకోండి. టీచరు అలవరచుకోవాల్సిన నైపుణ్యాల్లో అన్నిటికన్నా కష్టమైనది ఇదే.

ఇక మీ ఊరికి రండి

'మన చెరువు ఎందుకు చిన్నదైంది?' లాంటి ఒక్క ప్రశ్న ఎంచుకోండి. పాత గ్రామ పటం, పహాణీ లేదా అడంగల్, పాత ఫొటోలు, ఆయకట్టు రైతుల మాటలు పిల్లల చేతే పోగు చేయించండి. నియమాలు ముందే చెప్పండి.

- ప్రతి విషయానికీ రెండు ఆధారాలు చూపాలి.
- పెద్దల మాటను వారి అనుమతితో, తేదీ వేసి రాసుకోవాలి.
- ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఆ తేడాను దాచకుండా రాయాలి.
- చార్టు అందం కన్నా ఆధారం బలానికే ఎక్కువ మార్కులు.

ఈ అలవాటు సాంఘిక శాస్త్రం పీరియడుతో ఆగదు. ఫోనులో వచ్చిన సందేశాన్ని పదిమందికి పంపేముందు 'ఇది ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు?' అని అడిగే మనిషి ఇలాగే తయారవుతాడు. అందుకే ఈ వారమే ఒక్క ఆధారం ఎంచుకోండి. ఇద్దరు తోటి టీచర్లను పిలిచి కూర్చోండి. ఆ మూడు ప్రశ్నలతో మొదలుపెట్టండి.