తుంగభద్ర ఎడమ కాలువ క్రింద భూమి కొనదలచిన రైతులకు

గోదావరి, కృష్ణా డెల్టాలలో ఉన్న రెండెకరములు అమ్మి, కర్ణాటకలోని రాయచూరు జిల్లా సింధనూరు వైపు అంతకంటె ఎక్కువ భూమి కొని కాపురము పెట్టవలెనని ఆలోచించు రైతులు నేటికిని ఉన్నారు. 1953లో తుంగభద్ర నీరు కాలువలకు వచ్చిన నాటినుండి ఈ వలస సాగినది. తొలుత వెళ్ళినవారు ముళ్ళకంపలు నరికి, రేగడిని చదును చేసి, గట్లు వేసి, ‘క్యాంపులు’ అను పేరుతో ఊళ్ళే కట్టుకొన్నారు. బాగుపడినవారి మేడలు మనకు చూపించువారు చాలామంది. నీరందని పొలమును అయినకాడికి అమ్ముకొని వచ్చినవారిని ఎవరును చూపించరు.

అక్కడ మొదట చూడవలసినది నేల కాదు, నీరు. ఆ ప్రాంతమున ఏడాదికి సుమారు 600, 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. గోదావరి జిల్లాలలో 1,000కి పైగా కురియును. మనకు కాలువ నాలుగు రోజులు ఆలస్యమైనను ఒక వాన ఆదుకొనును. అక్కడ ఆ ధీమా లేదు.

ఎడమ ప్రధాన కాలువ పొడవు 227 కిలోమీటర్లు. దానిని తలపెట్టినవారు ఆయకట్టులో ఎక్కువ భాగమునకు జొన్న, వేరుసెనగ, ప్రత్తి వంటి ఆరుతడి పైర్లకే నీరు లెక్క కట్టినారు. వరికి ఇచ్చినది కొద్ది భాగమే. అయినను ఎగువ రైతులు వరి ఊడ్చినారు. అందులో మనవారి చేయి తక్కువేమియు కాదని ఒప్పుకొనవలెను. ఆరుతడికని వదలిన నీరు ఎగువ మడులలో నిలిచిపోగా, శివారు భూములకు అందుట కష్టమైనది. పైగా జలాశయమున ఒండ్రు మేట వేయుచున్నది. తొలుత 133 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము ఇప్పుడు పట్టునది రమారమి 105 టి.ఎం.సి.లే. ఒక టి.ఎం.సి. అనగా దాదాపు 23 వేల ఎకరములలో అడుగు లోతున నిలుచు నీరు. తగ్గినది ఎంతో మీరే లెక్క వేసికొనవచ్చును. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు, పైరుకు దాచుకొన్న నీరు రోజుల తరబడి నదిపాలైనది.

కనుక ‘ఇది ఆయకట్టు భూమి’ అన్న మాటతో తృప్తిపడరాదు. ఏ ఉపకాలువ? దాని తలకు దగ్గరా, చివరా? తూమునుండి మడి ఎంత దూరము? మధ్యలో ఎవరి పొలము మీదుగా నీరు రావలెను? ఆ సర్వే నంబరుకు రికార్డులో వరి ఉన్నదా, ఆరుతడి ఉన్నదా? మధ్యవర్తి ఎప్పుడును నవంబరులో, పైరు పచ్చగా ఉన్నప్పుడే తీసికొనిపోవును. మీరు ఒంటరిగా మార్చి నెలలో మరల వెళ్ళవలెను. రెండవ పంట, అనగా మన దాళ్వా, పాలు పోసికొను సమయమున కాలువ చివర ఎంత నీరున్నదో ఆనాడే తెలియును. గడచిన ఐదేండ్లలో ఎన్నిసార్లు దాళ్వా పండినదో దిగువ రైతును అడుగవలెను, ఎగువ రైతును కాదు.

నేల సంగతి. నల్లరేగడి బలమైనదే కాని, దానిలో నీరు త్వరగా ఇంకదు. మురుగు పోవు దారి లేనిచోట ఏటేటా వరి వేసినచో ఊట నీరు పైకి వచ్చి, దానితో ఉప్పు పైకి తేలును. కాలువ పారుచున్న రోజులలో పొలములోని పల్లపు మూలన ఐదడుగుల గుంట త్రవ్వి ఒక రాత్రి వదలవలెను. తెల్లవారునప్పటికి నీరూరినచో జాగ్రత్తపడవలెను. పై అడుగు, క్రింది అడుగు మట్టిని వేర్వేరుగా పరీక్షకు పంపవలెను. ఉదజని సూచిక 8.5 మించినచో చౌడు అని అనుమానించవలెను. జిప్సము వేసి బాగుచేయవచ్చునందురు, నిజమే. కాని కరిగిన ఉప్పు కొట్టుకొనిపోవుటకు మురుగు కాలువ లేనిచో జిప్సమునకు పెట్టిన డబ్బు దండుగ.

కాగితముల విషయమున ఒకటి మరువరాదు. షెడ్యూల్డు కులములు, తెగల వారికి ప్రభుత్వమిచ్చిన భూమిని ప్రభుత్వ అనుమతి లేక కొన్నచో, కర్ణాటక 1978 చట్టము ప్రకారము ఆ కొనుగోలు చెల్లదు. భూమి మొదటివారికో, వారి వారసులకో తిరిగి చేరును. ఎన్నేండ్లు గడచినను వారు దావా వేయవచ్చునని 2023లో సవరణ కూడ చేసినారు. కనుక నేటి పహాణీ ఒక్కటే చాలదు. మొదటి పట్టా ఎవరికి, ఎట్లు వచ్చినదో తహసీలు కచేరీలో చూపించుకొనవలెను. ముందు ఒక ఏడు కౌలుకు చేసి చూతమందురా? 1974 సవరణ నాటినుండి అక్కడ భూమిని కౌలుకిచ్చుట, కొద్ది మినహాయింపులు తప్ప, నిషిద్ధము. నోటిమాట కౌలుకు పెట్టిన పెట్టుబడికి రక్షణ లేదు. ఇవన్నియు తేలువరకు ఇక్కడి పొలముపై బయానా పుచ్చుకొనరాదు.

పహాణీ కన్నడమున ఉండును. లిపి మన లిపికి దగ్గరే గనుక నెల రోజులు కూర్చున్నచో చదువ వచ్చును. పిల్లలు ఇంకను త్వరగా నేర్తురు. మార్చిలో వెళ్ళునప్పుడు ఇంటి ఇల్లాలిని వెంట తీసికొనిపోవుట మంచిది. వేసవిలో త్రాగునీరు ఎక్కడనుండి వచ్చును, బడి ఎంత దూరము, కాన్పు వచ్చినచో ఏ ఊరు పోవలెను అని ఆమె అడిగినంత వివరముగా మనము అడుగము.