ఇసుకలో ఆడితే కోర్టులో ఆట చెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూలు వాలీబాల్ జట్టులో సెట్టర్. సెలవుల్లో బీచ్ వాలీబాల్ నేర్పిస్తే అసలు ఆట దెబ్బతింటుందా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: దెబ్బతినదు. పైగా సెట్టర్‌కి స్కూలు జట్టులో అంతగా దొరకని పని ఇక్కడ దొరుకుతుంది. ఇసుకలో జట్టుకు ఇద్దరే. సర్వీసు అందుకోవడం, బంతి లేపడం, స్మాష్ కొట్టడం అన్నీ ఆ ఇద్దరి మీదే. ఎవరు తడబడుతున్నారో చూసి ప్రత్యర్థులు పదేపదే వాళ్లకే సర్వీసు వేస్తారు, తప్పించుకునే దారి ఉండదు.

ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కంటే సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియం పరిశోధకులు లెక్కగట్టారు. దూకి దిగేటప్పుడు మోకాళ్లకు అదురు మాత్రం తక్కువ.

తేడాలూ ఉన్నాయి. బంతిలో గాలి తక్కువ, కోర్టు 16×8 మీటర్లే, వేళ్లతో మెల్లగా జార్చే టిప్ ఇక్కడ తప్పు. తిరిగి కోర్టుకెళ్లాక కొన్నాళ్లు జంప్ టైమింగ్ కుదరకపోవచ్చు. కంగారుపడక్కర్లేదు.

అవకాశాలంటారా, 1996 అట్లాంటా నుంచి ఇది ఒలింపిక్ క్రీడ. అమెరికా కాలేజీ అమ్మాయిలకు ఎన్‌సీఏఏ జాతీయ పోటీలు 2016లో మొదలయ్యాయి. 2025లో దీవ్‌లో జరిగిన ఖేలో ఇండియా బీచ్ క్రీడల్లోనూ ఈ ఆట ఉంది.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఇసుక అరికాళ్లు బొబ్బలెక్కిస్తుంది కాబట్టి పొద్దున్నే ఆడించడం మేలు. గాజుపెంకులు ఏరాకే నెట్ కట్టాలి.