మల్లుడా? నటుడా?

యుద్ధవిద్యను అభ్యసించి, దానినే తెఱపై చూపి పేరు గాంచినవానిని మల్లుడనవలెనా, నటుడనవలెనా యను ప్రశ్న మా పాఠశాల పై తరగతుల బాలురలో తఱచుగా వినబడుచున్నది. బ్రూస్ లీ పేరెత్తిన చాలును, తరగతి రెండు పక్షములగును. అతడు లోకములో నెవ్వరికిని ఓడని వీరుడని ఒక పక్షమువారందురు. అదంతయు సినిమా మాయ యని రెండవ పక్షమువారందురు. ఏ పనికి ఏది కొలతయో నిర్ణయించుకొనకయే ఇరువురును తీర్పు చెప్పుచున్నారని మా యభిప్రాయము.

మల్లునకు కొలత ఎదిరి. తన్ను ఓడింప నిశ్చయించుకొని, ముందుగా నేమియు మాటలాడుకొనక బరిలో దిగిన మనుష్యుని యెదుట నిలిచినప్పుడే మల్లుని సత్తువ తేలును. నటునకు కొలత ప్రేక్షకుడు. దెబ్బ తగులకున్నను తగిలినట్లు చూచువానికి తోచినచో నటుని పని నెరవేరినట్లే. వీరిద్దఱి నడుమ మూడవవాడొకడు కలడు, అతడు ప్రదర్శకుడు. అతనికి ఎదిరి లేడు గాని, ఎత్తిన బరువు నిజము, పట్టిన కత్తి నిజము.

మన కోనసీమలో అమలాపురము దసరా ఉత్సవములయందు జరుగు చెడీ తాలింఖానాను చూచినవారికి ఈ భేదము సులభముగా తెలియును. కఱ్ఱసాము, కత్తిసాము చేయుచు వీధులవెంట పోవువారు కన్నులకు గంతలు కట్టుకొని, పరుండియున్న మనుష్యుని దేహముపై నుంచిన కాయగూరలను కత్తితో నఱుకుదురు. క్రింద పరుండినవాడు శత్రువు కాడు, తోడి సాధకుడే. అయినను చేయి ఒక్క అంగుళము తప్పినచో కారునది నిజమైన నెత్తురు. దీనిని నాటకమనుటకు మాకు నోరు రాదు, యుద్ధమనుటకును వీలులేదు.

తెలుగుదేశమున ఈ మూడవ తెగవారిలో అగ్రగణ్యులు కోడి రామమూర్తి నాయుడుగారు. వీరు వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పెరిగి, కుస్తీ నేర్చి, మదరాసులో వ్యాయామోపాధ్యాయ శిక్షణము పొంది, తిరిగి విజయనగరమునకు వచ్చి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసిరి. పిమ్మట సర్కసు కంపెనీ పెట్టి దేశదేశములు తిరిగిరి. ఱొమ్మునకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తెంచుట, రెండు మోటారుకార్లను త్రాళ్లతో కట్టించుకొని కదలనీయక నిలుపుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట వీరి ప్రదర్శనలలో ముఖ్యములు. ‘కలియుగ భీముడు’ అనియు, ‘ఇండియన్ హెర్క్యులిస్’ అనియు బిరుదులు గాంచి, 1942లో కాలధర్మము నొందిరి. శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణము వీరి పేరనే యున్నది.

ఇవి యన్నియు సర్కసు యుక్తులే గాని బలము కాదని చెప్పువారు కొందఱు కలరు. యుక్తి యున్న మాట నిజము. దానిని కొంచెము లెక్క వేసి చూతము. రెండు కార్లు ఎదురెదురు దిక్కులకు లాగునప్పుడు ఆ రెండు లాగుళ్లును సమానమైనచో నడుమ నున్నవాని కాళ్లు జాఱవు. త్రాటి నడుమ ముడి యెట్లు కదలక యుండునో అట్లే యుండును. ఆ కాలపు మోటారు యంత్రములును నేటివాని వంటివి కావు. ప్రసిద్ధమైన ఫోర్డు ‘టి’ నమూనా కారునకు సుమారు 20 గుఱ్ఱముల బలము మాత్రమే యుండెను. అయినను ఆ లాగుడునంతయు భుజముల కీళ్లును, మోచేతుల కీళ్లును, పిడికిళ్లును భరింపవలసినదే. ముడి కదలదు గాని, బలము లేని త్రాడు తెగిపోవును గదా.

ఏనుగు సంగతియు నట్టిదే. పెద్ద ఆడయేనుగు సుమారు 2,700 కిలోలు తూగును. ఇట్టి ప్రదర్శనములందు ఱొమ్ముపై బలమైన చెక్కపలక నుంచుట వాడుక. పలక చివర నేలకు ఆనియున్నచో బరువులో కొంత నేలకు పోవును. తక్కినది ఒక్కచోట గ్రుచ్చుకొనక ఱొమ్మునంతటను పఱచుకొనును. ఇట్లు తీసివేయవలసిన దెల్ల తీసివేసినను, మిగిలిన బరువు మనబోటివారి ప్రాణము తీయుటకు చాలియుండును. గుక్కపట్టి ప్రక్కటెముకలను వంతెన కమానువలె నిలుపగల సాధన పలక వలన వచ్చునది కాదు. అది యేండ్ల తరబడి తెల్లవారుజామున లేచి చేసిన పని.

రాతి సంగతి మాత్రము వేఱు. ఱొమ్ముపై బండ నుంచి సమ్మెటతో కొట్టించుకొను విద్యలో బండ యెంత బరువైన అంత మేలు. బరువైన వస్తువు దెబ్బకు వెంటనే కదలదు గనుక, ఆ దెబ్బ శక్తి చాలవఱకు రాయి పగులుటలోనే వ్యయమగును. తేలిక రాయియైనచో దెబ్బ తిన్నగా ప్రక్కటెముకలకే చేరును. బాలురు దీనిని తలక్రిందుగా గ్రహించి, ముందు చిన్నరాతితో అలవాటు చేసికొందమని తలచుదురు. అందువలననే ఇంత విప్పి వ్రాయవలసి వచ్చినది. పెద్ద రాతితోను చేయరాదు. సమ్మెట పట్టినవాడును మీ వయస్సువాడే యగును గదా! కరాటే నేర్చిన పవన్ కల్యాణ్‌గారు 1996లో వచ్చిన ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’ చిత్రమున ఱొమ్ముపై బండలు పగులగొట్టించుకొని, చేతులపై కార్లు పోనిచ్చినవి ఈ పరంపరలోనివే. అది చూచి ఇంటి పెరటిలో సమ్మెట వెదకిన పిల్లలను మేమెఱుగుదుము.

రామమూర్తిగారికి జీవనము సర్కసు వలన జరిగినది. శరీరము మాత్రము కుస్తీ వలన వచ్చినది. నటునకు బదులు గుఱ్ఱముమీదినుండి పడుటకు మఱియొకడుండును. రామమూర్తిగారికి బదులు ఏనుగు క్రింద పరుండుటకు ఎవ్వడును లేడు. కావున వారిని మొదట బలశాలియనియు, పిదప ప్రదర్శకుడనియు మేము చెప్పుదుము.

దీనికి సరిగా ఎదురుగా నిలిచినవారు కాంతారావుగారు. 1923లో కోదాడ ప్రాంతపు గుడిబండలో పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావుగారిని జానపద చిత్రములు ‘కత్తి కాంతారావు’గా చేసినవి. ఆ కత్తియుద్ధములలో ఎవరి అడుగు ఎప్పుడు పడవలెనో ఇరువురికిని ముందే తెలియును. ఆయన గొప్ప యెచ్చట తెలియుననగా, కత్తి దింపినప్పుడు. 1963 నాటి ‘లవకుశ’లో అన్న మాట జవదాటలేక, వదినెను అడవిలో విడిచిపెట్టు లక్ష్మణుని చూచినవారు ఆయన నటుడా కాడా యని అడుగరు.

ఇక బ్రూస్ లీ. మల్లుడొకడు పేరు గాంచిన పిదప సినిమాలో చేరెనని మన బాలురు తలచుచున్నారు, జరిగినది వేఱు. 1940 నవంబరు 27న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఈతని తండ్రి చీనా సంగీతనాటకములలో నటుడు. పసిబిడ్డగా నున్నప్పుడే ఇతడు తెఱపై కనబడెను. హాంకాంగులో బాలనటుడుగా ఎన్నో చిత్రములలో నటించెను. 1950 నాటి ‘ది కిడ్’ అందొకటి. యిప్ మాన్ అను గురువునొద్ద వింగ్ చున్ విద్య నేర్చుట ఆ తరువాతి మాట. అచ్చటి సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ అను మిషన్ విద్యాలయమున చదువుచుండగా, 1958లో పాఠశాలల నడుమ జరిగిన బాక్సింగు పోటీలో గెలిచెను. ఆ యేటనే చా-చా నృత్యపు పోటీలోను గెలిచెను! మల్లుని పాదమునకును, నర్తకుని పాదమునకును గల చుట్టరికమును మా వ్యాయామోపాధ్యాయులు గమనింతురుగాక.

ఎదిరి యను కొలతతో చూచినచో అతని లెక్క చిన్నది. పెద్ద పందెములలో దిగి బిరుదులు గెలిచినవాడు కాడు. 1964లో ఓక్లండులో వాంగ్ జాక్ మాన్ అనువానితో మూసిన తలుపుల వెనుక పోరు జరిగెను. చూచినవారు కొలదిమంది, వారి మాటలు ఒకదానితో నొకటి పొసగవు. గెలిచినను తాననుకొన్నంత త్వరగా గెలువలేదని అతడు అసంతృప్తి చెంది, తన అభ్యాసమును మార్చుకొనెనని భార్య లిండా చెప్పియున్నారు. ఓటమిని దాచుటకు కథలల్లువారు పెక్కురు. గెలుపులో తప్పు వెదకుకొన్నవాడు మాకు మల్లుడుగానే తోచుచున్నాడు. 1967లో తన విద్యకు ‘జీత్ కూన్ దో’ అని పేరు పెట్టెను. నిజమైన పోరులో కాలిని నడుముకంటె క్రిందుగా, మోకాలికిని ముంగాలికిని గుఱిచేసి విసరుట మేలని ఆ విద్యలో చెప్పెను. అదే మనుష్యుడు చిత్రములలో కాలిని ఎదిరి తలయెత్తునకు విసరును! తెఱపై చూచువానికి ఏది కనబడునో, బరిలో ఏది పనికివచ్చునో అతనికి వేఱువేఱుగా తెలియును. సినిమా చిత్రము సెకనునకు 24 పటములుగా నడచును; అతని చేయి వేగము ఆ పటములకు అందక, కెమెరా ముందు నెమ్మదిగా చేయవలసి వచ్చెనని చెప్పుదురు.

ఈ రెండు పేర్లును గాక మూడవ పేరొకటి కలదు; ఉపాధ్యాయులము గనుక దానిని విడువజాలము. సియాటిల్, ఓక్లండు, లాస్ ఏంజిలిస్ నగరములలో అతడు విద్యాలయములు నడపెను. చీనావారు కానివారికి ఈ విద్య చెప్పుట కొందఱికి సరిపడని దినములలో, అడిగినవారికెల్ల జాతిభేదము లేక నేర్పెను. రామమూర్తిగారును డ్రిల్లు మాస్టరుగానే మొదలు పెట్టిరి గదా.

వయస్సు క్రమమున చూచిన బ్రూస్ లీ మొదట నటుడు, పిదప మల్లుడు, ఆ పిదప గురువు. 1971, 1972 సంవత్సరములలో మూడు చిత్రములు వచ్చునప్పటికి ఈ మూడును ఒక్క దేహములో కలిసినవి. ఎవ్వరికిని ఓడనివాడనుటకు మాత్రము కొలత చాలదు. 1973 జూలై 20న, ‘ఎంటర్ ది డ్రాగన్’ విడుదల కాకమునుపే, 32 ఏండ్ల వయస్సున హాంకాంగులో అతడు మరణించెను.