తొలి వాట్టు విలువ

ఇంట్లో సంగీతం వినడానికి ఆంప్లిఫయరు కొనేవారు మొదట అడిగే ప్రశ్న 'ఎన్ని వాట్లు?' అన్నదే. వాట్లు ఎక్కువైనకొద్దీ నాదం మేలుగా ఉంటుందని చాలామంది నమ్మకం. కాని ఏ ఆంప్లిఫయరు తగినదో నిర్ణయించవలసింది స్పీకరు.

స్పీకరుకు ఒక వాట్టు సామర్థ్యాన్ని అందించి, ఒక మీటరు దూరంలో ధ్వనిని కొలిస్తే వచ్చే డెసిబెల్‌ల సంఖ్యను దాని సున్నితత్వం అంటారు. ఇళ్లలో వాడే స్పీకర్లలో అధిక భాగానికి ఇది 85 నుంచి 90 వరకు ఉంటుంది. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో, హోప్ అనే చిన్న పట్టణంలో 1946లో పాల్ క్లిప్ష్ స్థాపించిన సంస్థ తయారుచేసిన 'క్లిప్షార్న్' స్పీకరుకు దాదాపు 105 అని తయారీదారులు పేర్కొన్నారు. నాదస్వరం కొసన విచ్చుకొన్న భాగం వలె, ఇందులోని కొమ్ములు ధ్వనిని గాలికి సులువుగా అందిస్తాయి. గది మూలలోని గోడలు కూడా ఆ కొమ్ముకు కొనసాగింపుగా ఉపయోగపడతాయి.

ధ్వని 3 డెసిబెల్‌లు పెరగాలంటే సామర్థ్యం రెట్టింపు కావాలి. 10 పెరగాలంటే పది రెట్లు కావాలి. 87 డెసిబెల్‌ల స్పీకరు 100 వాట్లతో ఇచ్చే ధ్వనిని, 105 డెసిబెల్‌ల స్పీకరు రెండు వాట్లకు లోపే ఇస్తుంది. అందువల్లనే 1930లలో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థ రూపొందించిన 300బి వాక్యూమ్ గొట్టం ఒక్కదానితో, సుమారు ఎనిమిది వాట్లు ఇచ్చే ఆంప్లిఫయరు కూడా ఇటువంటి స్పీకర్లకు చాలుతుంది. ఇక్కడ వందో వాట్టు కన్నా తొలి వాట్టు స్వచ్ఛతే ముఖ్యం.

అయితే ఈ గుణంలోనే ఒక చిక్కు ఉంది. సున్నితమైన స్పీకరు సంగీతాన్నే కాక, ఆంప్లిఫయరులోని రొదను కూడా అంతే పెద్దదిగా వినిపిస్తుంది. వీణ తీగపై అణగిపోతున్న అనునాదాన్ని సన్నని 'స్స్' అనే శబ్దం మింగివేస్తే, ఎంత ఖరీదైన పరికరమైనా వ్యర్థమే.

ప్రీ ఆంప్లిఫయరు ఎంపిక ఇక్కడే కీలకమవుతుంది. సీడీ ప్లేయరు గరిష్ఠంగా సుమారు 2 వోల్టుల సంకేతాన్ని ఇస్తుంది. అనేక ఆంప్లిఫయర్లు పూర్తి సామర్థ్యంతో పనిచేయడానికి అది చాలు. మధ్యలో ప్రీ ఆంప్లిఫయరు దానిని మరో పది రెట్లు పెంచితే, మీటను కాస్త తిప్పగానే గది దద్దరిల్లుతుంది. మీట అడుగు భాగంలో కుడి ఎడమల సమతుల్యం కూడా తరచు చెడుతుంది. కనుక తక్కువ వృద్ధి, తక్కువ రొద గలదానినే ఎంచుకోవాలి. ఆంప్లిఫయరు ఇన్‌పుట్ ఇంపెడెన్స్, ప్రీ ఆంప్లిఫయరు అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌కు కనీసం పది రెట్లు ఉండడం మంచిది.

కొనే ముందు చేయదగిన పరీక్ష ఒకటుంది. పాట ఏదీ పెట్టకుండా పరికరాలను పనిచేయించి, మనం కూర్చొనే చోటు నుంచి చెవియొగ్గాలి. అక్కడికి ఏ రొదా వినిపించకపోతే రొద విషయంలో జత కుదిరినట్లే. బలం ఎంత ఉన్నదని కాక, పనికి ఎంత కావాలని ఆలోచించడమే వివేకం.

ప్రశ్నలు
1. స్పీకరు సున్నితత్వం అంటే ఏమిటి?
2. సున్నితమైన స్పీకరుకు ప్రీ ఆంప్లిఫయరును ఎంచుకోవడంలో పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.