ముగియని పరుగు

క్రీ.శ. 1912లో స్వీడన్ రాజధానియగు స్టాక్‌హోమునందు ఒలింపిక్ క్రీడలు జరిగెను. జపాను దేశము వానిలో పాల్గొనుట అదియే ప్రథమము. ఆ దేశము పంపిన క్రీడాకారులు ఇరువురే. అందొకడు కనకూరి షిజో అను విద్యార్థి. అతడు మారథాను పరుగునకై ఎన్నుకొనబడెను. ప్రయాణవ్యయమునకై తోటి విద్యార్థులు చందాలు పోగుచేసిరి.

ఓడలోను, పిమ్మట సైబీరియా మీదుగా రైలులోను వారు రెండు వారములకు పైగా పయనించిరి. రైలు ఆగినచోటనెల్ల కనకూరి దిగి, కాళ్లకు అలవాటు తప్పకుండ పరుగెత్తుచుండెను. తీరా గమ్యము చేరగా, అచ్చటి వేసవి రాత్రులయందు చీకటియే సరిగా పడదు. ఇక నిద్ర యెక్కడిది?

జూలై 14వ తేదీన ఎండ మండిపోవుచుండెను. కనకూరి గుడ్డతో కుట్టిన జపాను పాదరక్షలు తొడిగికొని బయలుదేరెను. పందెమున దిగిన 68 మందిలో తుదిదాక పరుగెత్తినవారు ఇంచుమించు సగమే. పోర్చుగల్ దేశీయుడగు ఫ్రాన్సిస్కో లజారో దారిలో కూలి, మరునాడు మరణించెను. కనకూరియు సొమ్మసిల్లెను. త్రోవప్రక్కనున్న యొక కుటుంబమువారు పానీయమొసగి అతనిని సేదదీర్చిరి. సిగ్గుచే కాబోలు, అతడు అధికారులకు తెలుపకయే వెడలిపోయెను.

నాటినుండి స్వీడన్ ప్రజలు అతనిని "కనబడకపోయిన పరుగువాడు" అని కథలుగా చెప్పుకొనిరి. వినుటకు ఇంపైనను అది సత్యము కాదు. అతడు 1920లో ఆంట్‌వెర్ప్‌నందును, 1924లో పారిస్‌నందును ఒలింపిక్ పరుగున పాల్గొనెను. 1920లో స్వదేశమున ఆరంభమైన హకోనె పరుగుపందెమునకు మూలపురుషులలో నొకడయ్యెను.

1967 మార్చిలో స్వీడన్‌వారు 75 ఏండ్ల కనకూరిని ఆహ్వానించిరి. అతడు ఆనాటి క్రీడారంగముననే పరుగిడి తుదిరేఖ దాటెను. పట్టిన కాలము 54 ఏండ్ల 8 నెలల 6 దినముల 5 గంటల 32 నిమిషముల 20 సెకనులని ప్రకటించిరి.