పగడపు తోటల లెక్క

జమ్మికుంట పొలములపై కురిసిన వాన వాగుల వెంబడి పోయి మానేటిలో కలియును. మానేరు గోదావరిలో చేరును. గోదావరి బంగాళాఖాతమున పడును. ఆ నీటితో కొట్టుకొనిపోవు ఒండ్రుమట్టి తీరమునందలి సముద్రజలమును కలతపఱచును. ఆంధ్రతీరమున గొప్ప పగడపు దిబ్బలు లేకపోవుటకు గోదావరీ కృష్ణలు తెచ్చు ఈ మట్టియు మంచినీరును ముఖ్యకారణములు. పగడములకు తేటయైన ఉప్పునీరు, వెచ్చదనము, సూర్యకాంతి కావలయును. వానిని చూడగోరువారు మన్నారు సింధుశాఖకో, కచ్ఛి సింధుశాఖకో, లక్షద్వీపములకో, అండమానులకో పోవలెను. అండమానులలో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వలసపోయిన తెలుగు జాలరి కుటుంబములు కలవు. దిబ్బల నాశ్రయించి పెరుగు చేపలు అచ్చటి వేటకాండ్ర జీవనమునకు ఆధారములు.

పగడము ఱాయి కాదు, చెట్టును కాదు, అది జంతువు. మెత్తని చిన్న జీవి యొకటి తన చుట్టును సున్నపు గిన్నెను కట్టుకొనును. అట్టివి కోట్లకొలది చేరి, తరములు గడవగా దిబ్బ యేర్పడును. ఆ జీవి దేహమున కంటికి కానరాని శైవలములు కాపురముండి, సూర్యకాంతితో ఆహారము వండి దానికి పెట్టును. పగడమునకు రంగు నిచ్చునవియు ముఖ్యముగా అవియే. సముద్రజలము వేసవినాటి మామూలు వేడికంటె ఒక డిగ్రీ మించి కొన్ని వారములు నిలిచెనా, ఆ పొత్తు చెడును. పగడము శైవలములను వెడలగొట్టి తెల్లబడును. 1998లోను, 2010లోను అండమాను దిబ్బలకు ఈ ఆపద వచ్చినది. తెల్లబడినదెల్ల చచ్చినది కాదు. వేడి త్వరగా తగ్గినచో కోలుకొనును. తగ్గనిచో ఆకలితో నశించును. కావున ఏ దిబ్బ యెప్పుడు తెల్లబడినది, ఎంత కోలుకొన్నది అను సంగతిని ఎప్పటికప్పుడు చూచి వ్రాయువారుండవలెను. శాస్త్రజ్ఞులు కొలదిమంది, సముద్రమో, అపారము.

ఈ కొఱతను తీర్చుటకై 1996లో గ్రెగర్ హాడ్జ్‌సన్ అను సముద్రజీవశాస్త్రజ్ఞుడు 'రీఫ్ చెక్' అను సంస్థను నెలకొల్పెను. వేడుకకై సముద్రమున మునుగు సామాన్యులకు శిక్షణ యిచ్చి, శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో దిబ్బలను పరీక్షింపజేయుట ఆయన తలంపు. 1997లో 31 దేశములలో 300కు పైగా దిబ్బలను వీరు తొలిసారి పరిశీలించిరి. వీరు జీతమునకు చేరినవారు కారు, స్వచ్ఛందముగా వచ్చినవారు.

వారి పద్ధతి తెలిసికొనదగినది. మన యూళ్లలో సర్వేయరు గొలుసు పట్టునట్లు వారు దిబ్బపై 100 మీటర్ల టేపు పఱతురు. ఆ అలజడికి చేపలు చెదరును గనుక పదునైదు నిమిషములు కదలక వేచియుందురు. పిదప మెల్లగా ఈదుచు, టేపునకు ఇరుప్రక్కల రెండున్నర మీటర్లలోపల కనబడు నిర్ణీతమైన చేపలను మాత్రమే లెక్కింతురు. అటుపిమ్మట ఱాతిరొయ్యలను, ముండ్లబంతులవంటి అర్చిన్లను లెక్కింతురు. తుదకు ప్రతి అరమీటరునకును టేపు క్రింద నున్నది సజీవ పగడమో, చచ్చిన పగడమో, ఇసుకయో, ఱాయో చూచి ప్లాస్టికు పలకపై పెన్సిలుతో గుర్తింతురు. ఇరువదేసి మీటర్ల ఖండములు నాలుగు; ఖండమునకు నలువది చొప్పున 160 బిందువులు. నీటిలో మాటలు లేవు, చేసైగలే. వీపుపైని సిలిండరులో గాలి తరుగుచుండును. కాలి తెడ్డు పగడమునకు తగులరాదు.

ఇందు సున్న వ్రాయుట మిక్కిలి విలువైన పని. హాజరుపట్టీలో గడి ఖాళీగా నున్నచో పిల్లవాడు రాలేదో, పంతులుగారు పేరు పిలువలేదో తెలియదు. వెదకియు కానరానిచో సున్న వ్రాసితీరవలెను. 1997 పరిశీలనలో ఱాతిరొయ్యల గడిలో పెక్కు దిబ్బలకు సున్నయే పడినది. మితిమీఱిన వేట దూరపు దిబ్బలకును ప్రాకినదని లోకమునకు తెలిపినవి ఆ సున్నలే.

లోతున మునుగ నేర్వనివారికిని ఒక పని కలదు. వరియాకును రంగుల పట్టికతో పోల్చి యూరియా మోతాదును నిర్ణయించు పద్ధతి మన రైతులలో కొందఱెఱుగుదురు. అట్టి పట్టికనే పగడములకై 2002లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమువారు సిద్ధపఱచిరి. నాలుగు వర్ణములు, ఒక్కొక్కదానికి ఆఱు ఛాయలు. నీరు వెనుకకు తీసిన వేళ నిలుచుండియైనను, పగడపు మిక్కిలి లేతరంగును, మిక్కిలి ముదురురంగును పోల్చి వ్రాసికొనవచ్చును.

విశాఖపట్టణపు తీరమునను మునుగుడు నేర్చినవారు కొందఱు స్వచ్ఛందముగా సముద్రపు అడుగునుండి ప్లాస్టికును, తెగిన వలలను వెలికి తీయుచున్నారు. ఆ పని ఫలము ఒడ్డుననే కనబడును. లెక్కించువాని పని అట్లు కనబడదు. 'లెక్కపెట్టిన మాత్రమున సముద్రము చల్లబడునా?' అని యెవరైన నడుగవచ్చును. చల్లబడదు. అయినను ఆ లెక్క దేనికి పనికివచ్చునో కాలిఫోర్నియా తీరమున తేటపడినది.

అచ్చటి నీరు చల్లనిది. పగడపు దిబ్బలకు మాఱుగా కెల్పు అను మహానాచు అచ్చట నీటిలో అడవియై పెరుగును. అర్చిన్లు కెల్పును మేయును. ఇరువదికి పైగా చేతులుగల సూర్యకాంతపు నక్షత్రచేప అర్చిన్లను మేయును. 2013లో ఆ నక్షత్రచేపలకు తెగులు సోకి అవి కరగినట్లు చచ్చినవి. తెగులునకు మూలము ఒక బాక్టీరియాయని 2025లోగాని తేలలేదు. వెంటనే సముద్రము వేడెక్కినది. అడ్డులేని అర్చిన్లు పెచ్చుపెరిగినవి. 2014 తరువాత కొలది యేండ్లలో ఉత్తర కాలిఫోర్నియాలో కెల్పు అడవి 90 శాతమునకు పైగా మాయమైనది. కెల్పు తిని బ్రదుకు అబలోన్ నత్తలు ఆకలిచే చచ్చినవి. 2018లో వాని వేటను ఆపివేసిరి.

స్వచ్ఛందులు అచ్చట 2006నుండి ఏటేట ఆ చోట్లనే మునిగి లెక్క వ్రాయుచుండిరి. 'మా కాలమున చేపలు మెండు' అని ముసలి జాలరి చెప్పిన మాటను త్రోసిపుచ్చువారు కలరు. పదిమంది పదియేండ్లు ఒకే తీరున వ్రాసిన పట్టికను త్రోసిపుచ్చుట కష్టము.

2020లో అచ్చటి నోయో ఖాతమున వృత్తి మునుగుడుకాండ్రు కూలికి కుదిరి అర్చిన్లను ఏఱి తీయ నారంభించిరి. వారు ఏఱిన చోట కెల్పు మొలచుచున్నదో లేదో స్వచ్ఛందులు మరల టేపు పఱచి చూచిరి. కొన్నిచోట్ల మొలచినది.